గడప లోపలి ఇంగ్లీషు

ఇంగ్లండు నడిమి ప్రాంతాల్లో మబ్బు కమ్ముకొస్తే పెద్దవాళ్లు అటు చూసి, ‘బిల్లు వాళ్లమ్మ ఇంటి మీద నల్లబడింది’ అంటారు. ఈ బిల్లు ఎవరు? షేక్‌స్పియర్ అని కొందరు, జర్మనీ చక్రవర్తి విల్‌హెల్మ్ అని ఇంకొందరు చెబుతారు. దేనికీ రుజువు లేదు. అమ్మ అంటుండగా కూతురు విన్నది, తన పిల్లల దగ్గర తానూ అన్నది. బర్మింగ్‌హామ్ ఇళ్లలో, అసలు సంగతికి రాకుండా సాగదీసేవాణ్ణి ‘రీకిన్ చుట్టూ తిరిగొస్తున్నాడు’ అంటారు. రీకిన్ అంటే పక్కనున్న ష్రాప్‌షైర్‌లో 407 మీటర్ల కొండ. దాన్ని ఎన్నడూ చూడనివాళ్లూ ఆ మాట వాడతారు. యార్క్‌షైర్‌లో తలుపు వెయ్యమని చెప్పాలంటే, ‘ఆ బొక్కలో చెక్క పెట్టు’ అంటే చాలు.

మనకు ఇంగ్లీషు బడిలోనూ ఆఫీసులోనూ ఎదురైన భాష. దానికీ ఒక వంటిల్లు, ఒక ముసలమ్మ, ఒక ఊరి యాస ఉంటాయని మనకు చప్పున తోచదు.

ఆ యాసకు గౌరవం తెచ్చినవాడు జోసెఫ్ రైట్. 1855లో యార్క్‌షైర్‌లోని పేద ఇంట పుట్టాడు. ఆరేళ్లకే గాడిదబండి తోలే పనికి కుదిరాడు, తర్వాత ఉన్ని మిల్లుకెళ్లాడు. పదిహేనేళ్లు వచ్చేదాకా చదవడం రాదు. అలాంటివాడు ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడయ్యాడు, 1898 నుంచి 1905 దాకా ఆరు సంపుటాల ఇంగ్లీషు మాండలిక నిఘంటువు వెలువరించాడు. అంతకంటే ముందే, 1892లో, తాను పెరిగిన విండ్‌హిల్ ఊరి మాటకు వ్యాకరణం రాశాడు. నా దృష్టిలో ఆయన పనుల్లో అన్నిటికన్నా గొప్పది అదే. తన ఇంటి మాట తప్పుల కుప్ప కాదని, దానికీ ఒక పద్ధతి ఉందని ఆ పుస్తకంతో చూపించాడు.

తర్వాత లీడ్స్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ ఆర్టన్ బృందం 1950 నుంచి 1961 వరకు 313 చోట్లకు వెళ్లి, ఒక్కో చోట 1,300 దాకా ప్రశ్నలడిగి పదాలు పోగుచేసింది. అది మహా కృషి. కానీ వాళ్లు వెతుక్కుంటూ వెళ్లింది ఎక్కువగా వయసు మళ్లిన పల్లెటూరి మగవాళ్ల కోసం. బండి, నాగలి, పశువుల కొట్టం చుట్టూ తిరిగిన ఆ పదాల్లో చాలా భాగం పనిముట్లతోపాటే వాడుకలోంచి జారిపోయింది. తలుపు వెయ్యమనే మాట, మబ్బు చూసి అనే మాట మాత్రం పోలేదు. తలుపులూ మబ్బులూ ఇంకా ఉన్నాయి, వాటి గురించి పిల్లలకు చెప్పే తల్లులూ ఉన్నారు. అలిగి మూతి ముడిచిన పిల్లను నాటింగ్‌హామ్ ప్రాంతంలో ఇవాళ్టికీ ‘మార్డీ’ అనే అంటారు.

బడి మాత్రం ఈ మాటలకు అడ్డం పడుతూనే ఉంది. 2013లో మిడిల్స్‌బ్రోలో ఒక ప్రాథమిక పాఠశాల, పిల్లల నోట వచ్చే స్థానిక మాటల జాబితా ఇంటికి పంపి, సరిదిద్దమని తల్లిదండ్రులను కోరింది. ఉద్యోగానికి పనికొచ్చే ఇంగ్లీషు నేర్పడం బడి బాధ్యత, కాదనను. దానికోసం అమ్మ మాటను తప్పుల పట్టీలో ఎక్కించడం అన్యాయం. రెండు రకాల మాటలు నేర్చే శక్తి ప్రతి బిడ్డకూ ఉంది.

ఊరి మాటలను పోగుచేసే పని మనకూ కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను రైతుల నోటి నుంచే సేకరించింది. ఆ పని జరగబట్టి ఎన్నో మాటలు మనకు దక్కాయి. కానీ కోడలిని దెప్పడానికో, మనవణ్ణి ఊరుకోబెట్టడానికో అమ్మమ్మ అనే నానుడి వృత్తిపదకోశంలోకి రాదు. దాన్ని ఇంట్లోవాళ్లే రాసిపెట్టుకోవాలి. ఎవరు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో అన్నారో కూడా పక్కనే రాయండి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారమే మొదలుపెట్టండి.