విప్పే దారి లేని వేషాలు

నాటకం ఆలస్యమైతే ఆ నేరం ఎవరి మీద పడుతుందో ఎప్పుడైనా గమనించారా? తెర పడి ఐదు నిమిషాలు దాటుతుంది. ముందు వరుసలో పెద్దమనిషి వాచీ చూసుకుంటాడు. వెనక ఈలలు మొదలవుతాయి. అంతలో ఎవరో ఒకరు, "ఏముందిబ్బా, ఆడోళ్ళు చీరలు మార్చుకుంటాండారు" అంటారు. పందిరంతా నవ్వు. అంతటితో తీర్పు అయిపోయింది! రాసినాయన తప్పించుకున్నాడు, ఆడించినాయన తప్పించుకున్నాడు. డబ్బు లేదని బట్టల ఖర్చు కోసేసిన కార్యదర్శిగారైతే అందరికన్నా ముందే తప్పించుకున్నారు.

ఆ నవ్వు మీదే నా ఫిర్యాదు. ఆలస్యం ఆడవాళ్ళది కాదు. త్వరగా విప్పడానికీ, త్వరగా తొడుక్కోవడానికీ వీలుగా కుట్టని బట్టలది. ఇంకా నిష్కర్షగా చెప్పాలంటే, తెర వెనక గడిచే ఆ రెండు నిమిషాల గురించి ఒక్కసారీ ఆలోచించకుండా నాటకం తలకెత్తుకునే వాళ్ళది. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. ఇక్కడ మద్దెల కూడా కాదు, చీర ఓడు!

పెద్దముడియంలో కుందూ ఒడ్డున కూర్చున్న ఈవిడకి నాటకాల గొడవ ఎందుకు అనుకునేరు. నాటకాల వేషాల గురించి మాట్లాడే హక్కు మా కడప జిల్లాకి కాస్త ఎక్కువే ఉంది. ఇక్కడినుంచి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, వేంపల్లె దాటుకుంటూ పోతే చక్రాయపేట మండలంలో సురభి ఉంది. ఒకప్పుడు దాని పేరు సొరుగు. 1885లో వనారస గోవిందరావుగారు అక్కడ 'కీచకవధ' ఆడారు. ఊరి పేరే నాటక సమాజం పేరైంది. అంతకుముందు ఆ కుటుంబాలవాళ్ళు తోలుబొమ్మలు ఆడించేవారు. తోలుబొమ్మకి వేషం మార్చడం ఎంతసేపు? ఈ బొమ్మ పక్కన పెట్టి ఆ బొమ్మ అందుకుంటే సరి. బొమ్మకి విప్పే ముడి లేదు, తగిలించే హుక్కు లేదు, చెమటా లేదు, సిగ్గూ లేదు. బొమ్మ స్థానంలో మనిషి వచ్చి నిలబడ్డ రోజునే ఈ చిక్కంతా మొదలైంది. అదీ ఎలాంటి కథతో! ధర్మరాజు కంకుభట్టు, భీముడు వలలుడు, అర్జునుడు బృహన్నల, ద్రౌపది సైరంధ్రి. విరాటుడి కొలువులో పాండవుల్లో ఒక్కరూ తమ సొంత బట్టల్లో ఉండరు.

అయినా సురభి వాళ్ళు ఆ చిక్కుని దాటారు. ఊరూరా ఆడవేషాలు మగవాళ్ళు కడుతున్న కాలంలోనే వాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళని రంగస్థలం ఎక్కించారు. 'మాయాబజార్', 'పాతాళభైరవి', 'బాలనాగమ్మ' లాంటి, క్షణక్షణానికీ మాయలు జరిగే కథల్ని ఎంచుకుని మరీ ఆడారు. వాళ్ళకెలా సాధ్యమైందంటారా? అక్కడ కుటుంబమే కంపెనీ. వేషం కట్టేవాళ్ళూ, తెర లాగేవాళ్ళూ, బట్టలు సర్దేవాళ్ళూ ఒకే గుడారం కింద అన్నం తినేవాళ్ళు. చీర అందించే చెయ్యి అత్తదో, అక్కదో అవుతుంది. ఆ వేషం తను కూడా ఎప్పుడో కట్టిన చెయ్యి అవుతుంది. ఏ ముడి ఎక్కడ బిగుస్తుందో ఆ చేతికి తెలుసు.

మరి మన ఊళ్ళలో? నాటకానికి రెండు రోజుల ముందు అద్దెకొట్టు నుంచి ఒక ట్రంకు పెట్టె దిగుతుంది. అందులో ఎవరి కొలతలకో కుట్టిన జాకెట్లు, పగిలిన హుక్కులు, ఊడిన నాడాలు. వాటిని నటి వంటికి సరిపెట్టేది ఎవరు? పిన్నీసు! తెలుగు రంగస్థలానికి పిన్నీసు చేసిన సేవ ఇంకెవరూ చేసి ఉండరు. దానికి ఏ సన్మానమూ జరగలేదు పాపం.

నాలుగేళ్ళ కిందట నా నవల ఒకదాన్ని ఎవరో నాటకంగా మలిచి ఆడారు. ఎవరో, ఏ ఊళ్ళోనో చెప్పను. మూడో రంగం చివర నాయిక పెళ్ళికూతురు. నాలుగో రంగం మొదట్లో ఆరేళ్ళు గడిచి, బడిపంతులమ్మ. మధ్యలో తెరముందు ఒక ముసలాయన ఉత్తరం చదువుకునే ఘట్టం, ఒకటిన్నర నిమిషం. వేషధారణ చూసే పెద్దమనిషి, ఫోటోల్లో నిండుగా కనబడాలని అసలైన కంచిపట్టు కట్టించి పధ్నాలుగు పిన్నీసులు పెట్టించాడు. లెక్క నాకెలా తెలుసంటే, అవి తీసినదాన్ని నేనే గనుక. మే నెల, రేకుల షెడ్డు, కడప ఎండ రాత్రి పదింటికి కూడా గోడల్లోనే ఉంది. జాకెట్టు చెమటకి వంటికి అంటుకుపోయింది. రెండు అడుగుల దూరంలో ఇద్దరు మగపిల్లలు తెరతాళ్ళు పట్టుకుని, పాపం, మర్యాదగా అటు తిరిగి నిలబడ్డారు. అడ్డంగా ఒక దుప్పటి కట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పన్నెండో పిన్నీసు దగ్గర ఆ పిల్ల ఏడ్చేసింది. గుచ్చుకుని కాదు. "అక్కా, మొదటి మాట ఏందో మర్చిపోయినా" అంది.

మర్నాడు నలుగురూ అన్నమాట: నాలుగో రంగంలో నాయిక తేలిపోయింది. ఎందుకు తేలిపోదు? ఆరేళ్ళ దుఃఖాన్ని మనసులోకి తెచ్చుకోవలసిన ఒకటిన్నర నిమిషాన్ని పధ్నాలుగు పిన్నీసులు తినేశాయి. వేషం మార్చుకోవడమంటే చీర మార్చుకోవడం కాదండీ, మనిషి మారడం. బట్ట దోచుకున్న ప్రతి క్షణం నటన నుంచి దోచుకున్నదే.

"అయితే ఏం చెయ్యమంటావమ్మా?" అంటారా? చెయ్యవలసింది బోలెడుంది. అదేమీ బ్రహ్మవిద్య కాదు.

మొదటిది, బొమ్మ గీసేవాళ్ళు మొదటి వేషంతో కాదు, చివరి వేషంతో మొదలుపెట్టాలి. పైన ఏది ఉండాలో కింద ఉన్నదాన్ని బట్టి తేలాలి. పంతులమ్మ నేతచీర లోపలే ఉండి, పెళ్ళిచీర దానిమీద ఒక్క పట్టీతో నిలబడి ఉంటే, మార్పు అంటే తొడుక్కోవడం కాదు, వదిలెయ్యడమే. వదలడం ఎప్పుడూ సులువు. అయితే రెండు పొరలకి ఒళ్ళు లావుగా కనబడకూడదు గనుక పైది పలచటి బట్టై ఉండాలి, లోపలిది నూలుదై ఉండాలి. మా వైపు ఎండలో నూలు అస్తరు లేని జాకెట్టు చెమట పట్టాక రానే రాదు. కాగితం మీద బొమ్మకి చెమట పట్టదు గనుక గీసేవాళ్ళకి ఇది తోచదు.

రెండోది, చీర. కుచ్చెళ్ళు ముందే పోసి నడుంపట్టీకి కుట్టెయ్యవచ్చు. పట్టీకి ప్యాంట్లకి వేసే పెద్ద హుక్కులు రెండు చాలు. చిన్న హుక్కులు చీకట్లో వేళ్ళకి దొరకవు. పైట మడతలు భుజం దగ్గర కుట్టేసి, ఒక టిచ్ బటను పెడితే పిన్నీసు పని ఉండదు. మూడు చీరలకీ సరిపడే ఒకే రంగు జాకెట్టు ఎంచుకుంటే, అన్నిటికన్నా మొండిదైన జాకెట్టు మార్చే బాధే తప్పుతుంది. నగలు విడివిడిగా కాకుండా ఒక బట్టపట్టీ మీద కుట్టేస్తే మెడలో వేసేది ఒకటే వస్తువు. పూలు ముందే జడకి కుట్టి ఉంచితే సవరం పెట్టడమూ, పూలు పెట్టడమూ ఒకటే పని.

అంటుకునే పట్టీలు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. జార్జ్ ద మెస్త్రాల్ అనే స్విట్జర్లాండు ఇంజనీరు, మన చేలగట్ల మీద ఉత్తరేణి చీర అంచుకి పట్టుకున్నట్టు, తన కుక్క బొచ్చుకి పట్టుకున్న ముళ్ళకాయల్ని చూసి కనిపెట్టిన వెల్క్రో అది. 1955లో పేటెంటు పొందింది. మంచిదే. కానీ దాన్ని లాగితే చర్రుమంటుంది. తెరముందు తల్లి కన్నుమూస్తూంటే వెనకనుంచి ఆ చప్పుడు వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. పాటలున్న చోట అది, మౌనం ఉన్న చోట టిచ్ బటను. ఇలాంటి విచక్షణ కూడా వేషధారణలో భాగమే.

మూడోది, స్థలం. ఇటు వెళ్ళి అటు రావాలంటే ఆ నడక కూడా లెక్కలో చేరాలి. తెరపక్కనే దుప్పటి మరుగు, ఒక చిన్న నీలం దీపం, వరసగా తగిలించిన బట్టలు, అందించడానికి ఒక మనిషి, అదీ ఆడమనిషి. మాటల రిహార్సలు ముప్పై రోజులు చేస్తారే, విప్పి కట్టే రిహార్సలు మూడుసార్లు చెయ్యలేరా? అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లున్నాయి. అందులో క్షణాలు లెక్కపెట్టే గడియారమూ ఉంది.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. "మా కాలంలో ఇవేవీ లేకుండానే ఆడాం" అంటారు పెద్దవాళ్ళు. నిజమే. ఎలా ఆడారు? కురుక్షేత్రం పద్యనాటకాల్లో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని మనుషుల్నే మార్చారు. హరిశ్చంద్రలో సింహాసనం మీద ఒక హరిశ్చంద్రుడు, కాటిదగ్గర ఇంకొకడు. పద్యం పాడే గొంతుకి విశ్రాంతి, వేషానికి వ్యవధి, రెండూ కలిసొచ్చాయి. అంటే ఆ చిక్కు వాళ్ళకీ తెలుసన్నమాట, తమ దారి తాము చూసుకున్నారన్నమాట. సాంఘిక నాటకంలో ఇద్దరు నాయికల్ని పెడితే మీరు ఒప్పుకుంటారా?

"అసలైన పట్టులో ఉన్న నిండుదనం కుట్టిన చీరలో రాదు" అంటారు ఇంకొందరు. వీళ్ళకి భరతముని జవాబు చెప్పేశాడు. ఆంగికం, వాచికం, సాత్త్వికాలతో పాటు ఆహార్యాన్ని కూడా అభినయంలోనే లెక్కపెట్టిన నాట్యశాస్త్రమే, బరువైన నగలు నటుల్ని అలసిపోయేలా చేస్తాయనీ, రంగస్థలానికి లక్కతో చేసిన తేలిక నగలే వాడమనీ చెప్పింది. అసలు బంగారం వద్దన్న ముని అసలు కంచిపట్టు కావాలంటాడా? ఇరవయ్యో వరుసలో కూర్చున్నవాళ్ళకి జరీ కనబడదు, నటి ముఖంలో కంగారు మాత్రం కనబడుతుంది.

జపాను వాళ్ళ కబుకీ చూడండి. పైదుస్తుని వదులు కుట్లతో లోపలిదానిమీద నిలబెట్టి, నాట్యం నడుస్తూండగా వెనక కూర్చున్న సహాయకుడు ఆ దారాలు లాగేస్తాడు. ఒక్క క్షణంలో రంగు మారిపోతుంది. దాన్ని 'హికినుకి' అంటారు. 1753 నాటి 'ముసుమె దోజోజి' అనే నృత్యనాటికలో అందుకోసమే కళ్ళప్పగించి కూర్చుంటారు. అక్కడ వేషం మార్పు దాచుకోవలసిన అవస్థ కాదు, చప్పట్లు కొట్టవలసిన ఘట్టం. ఇటలీలో ఫ్రెగోలీ అనే ఆయన (1867-1936) ఒక్కడే నాటకంలోని పాత్రలన్నీ వేసి ప్రపంచమంతా తిరిగాడు. తెర వెనక బట్టలందించే మనుషుల దండే ఉండేది. ఆ దండు లేకుండా ఫ్రెగోలీ లేడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మన స్థానం నరసింహారావుగారు (1902-1971) సత్యభామ వేషానికి చూపిన శ్రద్ధని ఇవాళ్టికీ కథలుగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే. 1956లో పద్మశ్రీ ఊరికే రాలేదు. నేనడిగేది ఒక్కటే. మగవాడు చీర కట్టి కుచ్చెళ్ళు సర్దుకుంటే అది కళ, ఆడది అదే పని చేస్తే ఆలస్యమా?

ఇదంతా బట్టల గొడవే అయితే ఇన్ని కాగితాలు ఖర్చు చేసేదాన్ని కాదు. దీని వెనక ఇంకో నష్టం జరుగుతోంది. "ఆడవేషం మార్పులు పెట్టకండి, టైము పడుతుంది" అన్న మాట రచయితల చెవిలో పడీ పడీ, వాళ్ళ కలాల్లోకి దిగిపోయింది. అందుకే మన నాటకాల్లో నాయకుడు జైలుకి పోయి గడ్డంతో వస్తాడు, సూటుతో వస్తాడు, బిచ్చగాడై వస్తాడు. నాయిక మాత్రం మొదటి రంగంలో కాఫీ తెచ్చిన చీరతోనే చివరి రంగంలో కన్నీళ్ళు తుడుచుకుంటుంది. తల్లి పాత్రకి తెల్లచీర ఒకటి చాలు. చీర మారదు గనుక మనిషీ మారదు. నలచరిత్రే తీసుకోండి. ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి 'చిత్రనళీయం' నాటినుంచీ మన సీమ ఎరిగిన కథే. నలుడికి కర్కోటకుడు మంచి బట్టలిచ్చాడు. అవి కట్టుకోగానే బాహుకుడు పోయి నలుడు తిరిగొచ్చాడు. అంతకన్నా వేగమైన వేషం మార్పు ఏ దర్జీ చెయ్యగలడు! దమయంతికి దక్కింది మాత్రం సగం చింపిన చీర.

ఆడపాత్ర మారగలదని చూపించినవాళ్ళూ మన దగ్గరే ఉన్నారు. 1990లలో బి.వి. కారంత్‌గారు బ్రెహ్ట్ నాటకాన్ని ఆధారం చేసుకుని సురభి వాళ్ళచేత 'బస్తీ దేవత యాదమ్మ' ఆడించారు. బ్రెహ్ట్ మూలంలో ఉన్న చిక్కేమిటి? మంచితనంతో బతకలేని ఒక ఆడది మగబట్టలు తొడుక్కుని, కఠినుడైన బంధువుగా వస్తుంది. మళ్ళీ తనుగా వస్తుంది. వేషం మార్పు తీసేస్తే అక్కడ నాటకమే లేదు. అలాంటి పాత్ర మన ఊరి రంగస్థలం మీద ఎందుకు పుట్టదు? పిన్నీసుకి భయపడి!

కాబట్టి నాటకాల వాళ్ళకి నా డిమాండ్లు మూడు. నాటకం మొదటిసారి చదివే రోజునే బట్టలు కుట్టే మనిషిని కూడా పిలిచి కూర్చోబెట్టండి. ముఖ్య అతిథుల శాలువాలకయ్యే ఖర్చులో సగం తగ్గించి, ఆ డబ్బుతో నటి కొలతలకి బట్టలు కుట్టించండి. ప్రొద్దుటూరు బజారులో బట్టకీ కరువు లేదు, దర్జీకీ కరువు లేదు. కరపత్రంలో లైట్లు, మైకుల వాళ్ళ పేర్లు వేస్తారే, కుట్టినవాళ్ళ పేరు, తెర వెనక అందించినవాళ్ళ పేరు కూడా వెయ్యండి. సురభి బాబ్జీగారికి 2013లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరం సంతోషించాం. ఆయన 2022లో పోయినప్పుడు బాధపడ్డాం. ఆ గుడారాల్లో చీరలందించిన చేతుల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

ఇంతా చదివి, "చీర మార్చుకోవడానికి ఇంత రామాయణమా!" అనే మగమహారాజులుంటే వారికొక మనవి. ఇంట్లో ఎవరిదైనా ఆరుగజాల చీర ఒకటి తీసుకోండి. దీపం ఆర్పండి. కుచ్చెళ్ళు పోసి, పైట సర్ది, నగలు పెట్టుకుని, మొదటి మాట మర్చిపోకుండా నవ్వుముఖంతో ముందుగదిలోకి రండి. రెండు నిమిషాలు టైమిస్తున్నాను. తెర లేపేస్తున్నాను!