ఇంటి లెక్క: అబ్బాయి అడిగిన గేమింగ్ కంప్యూటరు

కడప నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నెల రోజులుగా నా బల్ల మీద ఉంది. ఇంటర్మీడియెట్ పూర్తిచేసిన ఆమె పెద్ద కుమారుడు కొన్నేళ్ళ ఈదీ డబ్బులూ, చిన్న పిల్లలకు ట్యూషన్లు చెప్పి సంపాదించినదీ కలిపి 22 వేల రూపాయలు కూడబెట్టుకున్నాడు. మరో 13 వేలు ఇస్తే గేమింగ్ కంప్యూటరు తెచ్చుకుంటానంటున్నాడు. అదీ సిద్ధంగా అమ్మేది కాదు. విడిభాగాలు కొని తానే బిగించుకుంటాడట. "వాళ్ళ అబ్బా కువైట్‌లో డ్రైవరుగా ఉన్నారు. ఆయన పంపే ప్రతి రూపాయికీ నేను లెక్క చెప్పాలి. వీడు బిగిస్తుండగా ఏదైనా కాలిపోతే ఆ లెక్క ఎలా చెప్పను?" అని ఆమె అడిగారు. ఊళ్ళో ఒక దుకాణదారు 60 వేల యంత్రాన్ని నెలసరి వాయిదాలపై ఇస్తానన్నాడు. అందులో వడ్డీ ఉందని తెలిసి ఆమె వద్దన్నారు.

ఆటలు ఆడటం మంచిదా కాదా అని ఆ సోదరి అడగలేదు. కనుక నేనూ ఆ చర్చలోకి వెళ్ళను. ఆమె అడిగింది డబ్బు గురించి, నష్టభయం గురించి.

నా సమాధానం ఇది: ఇవ్వండి. అయితే ఈ 35 వేలలో గ్రాఫిక్స్ కార్డు కొననని అబ్బాయి ఒప్పుకున్న తరువాతే ఇవ్వండి.

ఈ మాట వింటే అబ్బాయి ముఖం చిన్నబోతుందని తెలుసు. ఆటల కంప్యూటరు అనగానే కుర్రవాళ్ళు రాసుకునే జాబితాలో మొదటి వరుస గ్రాఫిక్స్ కార్డుదే. తెరమీది బొమ్మలను వేగంగా గీసే పని దానిదే గనుక ఆ ఆశ సహజం. చిక్కెక్కడంటే, చిన్న బడ్జెట్‌లో ఆ ఒక్క వస్తువే సగం సొమ్మును మింగివేస్తుంది. మిగిలిన సగంతో ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్, విద్యుత్తు నిచ్చే ఎస్‌ఎంపీఎస్ అన్నీ తేవాలి. అప్పుడు కోత పడేది పైకి కనిపించని వస్తువుల మీదనే.

దీనికి మరో దారి ఉంది. కొన్ని ప్రాసెసర్లలోనే గ్రాఫిక్స్ శక్తి ఇమిడి ఉంటుంది. ఏఎండీ సంస్థ 2021లో విడుదల చేసిన రైజెన్ 5 5600జీ అటువంటిది. ఆరు కోర్లు, 65 వాట్ల స్థాయి. పేరు చివరి 'జీ' అక్షరమే దాని గుర్తు. వాలరంట్, రాకెట్ లీగ్, మైన్‌క్రాఫ్ట్ వంటి ఆటలు తక్కువ అమరికలతో దీనిపై చక్కగా నడుస్తాయి. కొత్తగా వచ్చే భారీ ఆటలు నడవవు. ఆ మాట అబ్బాయికి ముందే చెప్పండి. దుకాణంలో పొరపాటున ఇంటెల్ వారి 'ఎఫ్' అక్షరంతో ముగిసే ప్రాసెసరు, ఉదాహరణకు ఐ3 12100ఎఫ్, చేతిలో పెట్టించుకుంటే మాత్రం చిక్కే. మంచి ప్రాసెసరే, కాని అందులో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. విడిగా కార్డు లేనిదే తెరమీద ఏమీ రాదు. ఒక్క అక్షరం తేడాతో డబ్బంతా పోసి నల్లని తెర ముందు కూర్చోవలసి వస్తుంది.

ఇమిడి ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత జ్ఞాపకశక్తి ఉండదు. కంప్యూటరు ర్యామ్‌నే పంచుకుంటుంది. అందుచేత 16 జీబీ ఒకే ముక్కగా కాక 8 జీబీ ముక్కలు రెండుగా తీసుకోవాలి. రెండు దారుల్లో సమాచారం ప్రవహిస్తే ఆటల వేగం స్పష్టంగా పెరుగుతుంది. ర్యామ్ గడులు నాలుగున్న మదర్‌బోర్డు దొరికితే రేపటికి రెండు ఖాళీగా మిగులుతాయి. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వలన 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కనుక బడ్జెట్ దాటిపోతే ర్యామ్‌ను పాతదే కొనవచ్చు. అది తరుగుదల లేని వస్తువు, కళ్ళ ముందు నడిపి చూపిస్తే చాలు. ప్రాసెసరు, క్యాబినెట్ కూడా అంతే. పాత హార్డ్ డిస్కు, పాత ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

ఈ ఎస్‌ఎంపీఎస్ విషయంలో నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, మన్నించాలి. పదిహేనేళ్ళ క్రితం నాకు చిన్న డీటీపీ దుకాణం ఉండేది. క్యాబినెట్ కొంటే ఎస్‌ఎంపీఎస్ ఉచితమని ఒక దుకాణంలో ఇచ్చారు. మీద 450 వాట్లు అని ముద్ర. చేతిలోకి తీసుకుంటే బెల్లం అచ్చు కంటే తేలిక. పెళ్ళిళ్ళ కాలంలో ఒక సాయంత్రం పోయిన కరెంటు ఒక్కసారిగా తిరిగి వచ్చింది. కమురు వాసన. మదర్‌బోర్డు, దానితోపాటు హార్డ్ డిస్కు కూడా పోయాయి. మర్నాడు ప్రెస్సుకు వెళ్ళవలసిన మూడు శుభలేఖలు అందులోనే ఉన్నాయి. మరొకరి కంప్యూటరు మీద రాత్రంతా కూర్చుని మళ్ళీ కంపోజు చేశాను. ఒకదానిలో నికాహ్ తేదీ తప్పు పడింది. ఆ ఇంటివారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

ఆ తరువాతనే పక్కనున్న చీటీ చదవడం నేర్చుకున్నాను. ఆ విద్య ఎవరైనా నేర్చుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన పట్టికలో 12 వోల్టుల వరుస చూడండి. దానికెదురుగా ఉన్న ఆంపియర్లను 12తో గుణించండి. ప్రాసెసరుకూ గ్రాఫిక్స్ కార్డుకూ నిజంగా అందే శక్తి అదే. పైన 450 అని పెద్ద అక్షరాలుండి లోపల 18 ఆంపియర్లు మాత్రమే ఉంటే, అది 216 వాట్లే. మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో ఆ వరుసలో 40 ఆంపియర్లకు అటూ ఇటూగా ఉంటుంది. '80 ప్లస్ బ్రాంజ్' గుర్తు కరెంటు వృథా తక్కువని చెబుతుంది. భద్రతకు అదొక్కటే హామీ కాదు, కనుక పేరున్న కంపెనీదీ, కొన్నేళ్ళ వారంటీ రాసి ఇచ్చేదీ చూడండి. అబ్బాయి జాబితాలో ఏ వరుస తగ్గించినా దీన్ని తగ్గించనివ్వకండి. ఏడాదికో రెండేళ్ళకో అతడు మళ్ళీ కూడబెట్టి గ్రాఫిక్స్ కార్డు కొన్ననాడు ఇదే ఎస్‌ఎంపీఎస్ దాన్ని మోస్తుంది, ఏమీ పారవేయనక్కరలేదు. అలాగే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గోడమీది మూడు పిన్నుల సాకెట్టుకు ఎర్తింగ్ నిజంగా ఉన్నదో లేదో చూపించండి. చాలా ఇళ్ళలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనుక తీగ ఉండదు.

మానిటర్ ఇప్పుడే వద్దు. ఇంట్లో టీవీ ఉందని రాశారు. హెచ్‌డీఎంఐ తీగతో దానికే కలపవచ్చు. టీవీ అమరికల్లో 'గేమ్ మోడ్' ఉంటే పెట్టుకోవాలి, లేకుంటే మౌస్ కదిలిన తరువాత తెరమీద బాణం తీరికగా కదులుతుంది. టీవీ హాల్లో ఉండటం వలన అబ్బాయి ఏ ఆట ఆడుతున్నాడో, ఎంతసేపు ఆడుతున్నాడో, ఇషా నమాజుకు లేచాడో లేదో అడగకుండానే మీకు తెలుస్తుంది. ఈ లాభాన్ని అతడికి చెప్పనక్కరలేదు.

అబ్బాయి మామూ సికింద్రాబాదులో ఉన్నారన్నారు కదా. పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఈ సరుకు అమ్మే దుకాణాలు వరుసగా ఉన్నాయి. నాలుగు చోట్ల ధర అడిగి, చీటీ రాయించుకుని, భోజనం చేసి వచ్చి కొనమనండి. బిల్లు లేకుండా ఇస్తే తగ్గిస్తామంటారు. బిల్లు లేకుంటే వారంటీ నిలవదు. పైగా ఆ తగ్గింపు ప్రభుత్వానికి చెందవలసిన పన్నులోది. మదర్‌బోర్డు కొనేటప్పుడు అందులోని బయోస్ 5600జీని గుర్తించేలా తాజాపరచి ఉన్నదా అని తప్పక అడగాలి. అయిదారు వందలకు దొంగ విండోస్ వేసి ఇస్తామంటే వద్దనండి. లైనక్స్ ఉచితం, స్టీమ్‌లోని చాలా ఆటలు దానిపై నడుస్తాయి. వాలరంట్ మాత్రం నడవదు. ఆ ఆటే కావాలంటే విండోస్ వెలనూ 35 వేలలోనే చూసుకోవాలి.

ఇక కాలిపోతుందన్న భయం. బిగించేటప్పుడు కాలిపోవడం అరుదు, విరగడమే ఎక్కువ. తీగల కొనలు చాలావరకు ఒకే దిశలో దూరేలా చేసి ఉంటాయి. ప్రమాదమంతా ప్రాసెసరు దగ్గరే. దీని అడుగున సన్నని సూదులుంటాయి. మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్టు త్రికోణంతో కలిపి ఊరికే వదిలితే తన బరువుకు తానే కూర్చుంటుంది. వేలితో నొక్కితే సూదులు వంగుతాయి. మదర్‌బోర్డు కింద చిన్న ఇత్తడి కాళ్ళు బిగించడం మరిచిపోతే, క్యాబినెట్ రేకుకు తగిలి షార్టవుతుంది. నైలాను తివాచీ మీద కాక చెక్కబల్ల మీద పని చేయాలి. ముట్టుకునే ముందు నీటి కుళాయి వంటి లోహాన్ని తాకాలి.

మొదటిసారి మీట నొక్కగానే తెర వెలగకపోవచ్చు. అప్పుడు ఇంట్లో ఎవరూ ఏమీ అనకండి. చాలాసార్లు అది ర్యామ్ పూర్తిగా దిగకపోవడమే. కరెంటు తీసివేసి, 'టక్' మన్న శబ్దం వచ్చేదాకా రెండు చివరలా నొక్కాలి. నాలుగు గడులుంటే సాధారణంగా ప్రాసెసరు వైపు నుంచి రెండో గడిలో, నాలుగో గడిలో పెట్టాలి.

సోదరీ, కొనడానికి ముందే ఒక కాగితం మీద ప్రతి వస్తువు పేరూ, ధరా అబ్బాయి చేతనే రాయించి, ఫొటో తీసి కువైట్‌కు పంపించండి. ఎస్‌ఎంపీఎస్‌కు అంత ఎందుకని వాళ్ళ అబ్బా అడిగితే జవాబు అబ్బాయినే చెప్పనివ్వండి. తెర వెలిగిన రోజు నాకు రెండు ముక్కలు రాయండి. వెలగకపోతే ఆ రోజే రాయండి.