కార్డు రావాలి, నోటూ చెల్లాలి

బస్సు టికెట్‌కు స్మార్ట్ కార్డు అనగానే అది పట్నం వాళ్ల సంగతి అని మనం వదిలేస్తున్నాం. వదిలేయకూడదని మా అభిప్రాయం. వంద నోటు ఇస్తే టికెట్ వెనక బాకీ రాసివ్వడం, దిగే తొందరలో ఆ బాకీ మరిచిపోవడం పల్లె బస్సులో రోజూ జరిగేదే. ఇందులో కండక్టర్ తప్పేమీ లేదు. తొలి ట్రిప్పులో అందరూ పెద్ద నోట్లే తీస్తే ఆయన చిల్లర ఎక్కడి నుంచి తెస్తాడు? ఛార్జీ ఎంతో అంతే తెగే కార్డు ఉంటే ఈ తగువు ఉండదు.

హాంకాంగ్‌లో 1997 నుంచి, లండన్‌లో 2003 నుంచి ఇలాంటి కార్డులు నడుస్తున్నాయి. మన దేశమంతటా బస్సుకూ మెట్రోకూ ఒకే కార్డు పనిచేయాలని 2019 మార్చిలో నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు తెచ్చారు. ప్రయాణం డబ్బు ఆ కార్డు చిప్‌లోనే ఉంటుంది కనుక యంత్రానికి ఆనిస్తే సిగ్నల్ లేకపోయినా ఛార్జీ తెగుతుంది. ఉదయగిరి, సీతారామపురం కొండ దారుల్లో తిరిగే బస్సులకు కావలసింది ఇలాంటి కార్డే. ప్రతి టికెట్‌కూ సర్వర్‌ను అడిగే పద్ధతి మనకు వద్దు. వేలిముద్ర పడక, సర్వర్ అందక రేషన్ బియ్యం లేకుండా తిరిగొచ్చిన రోజులు మనం మరిచిపోలేదు.

అయితే పట్నం పద్ధతిని ఉన్నది ఉన్నట్టు తెచ్చి పెడితే కుదరదు. లండన్ సిటీ బస్సులో ఎంత దూరం పోయినా ఛార్జీ ఒకటే, ఎక్కేటప్పుడు కార్డు ఆనిస్తే చాలు. మెట్రోలో అయితే దిగేచోట గేటు ఉంటుంది. పల్లెవెలుగులో ఛార్జీ స్టేజీని బట్టి ఉంటుంది. ఉదయగిరిలో ఎక్కి వింజమూరులో దిగేవాడికి ఒక లెక్క, నెల్లూరు దాకా పోయేవాడికి ఇంకో లెక్క. ఎక్కడికని అడిగి టికెట్ కొట్టే మనిషి ఉండాల్సిందే. కార్డు పేరు చెప్పి కండక్టర్లను తగ్గిస్తామంటే రైతు సంఘం ఒప్పుకోదు. నిమ్మకాయల బస్తాకు లగేజీ కొట్టేదీ, ముసలివాళ్లను చెయ్యి పట్టి దించేదీ యంత్రం కాదు.

డబ్బు సంగతీ ఉంది. ప్రయాణానికి మాత్రమే వాడే కార్డుల్లో 3,000 రూపాయల వరకు ఉంచుకోవచ్చని, కేవైసీ అక్కర్లేదని రిజర్వు బ్యాంకు చెప్పింది. కానీ అందులో వేసింది నగదుగా వెనక్కి రాదు. పొగాకు వేలం అయ్యాక గానీ చేతిలో డబ్బు ఆడని రైతుకు వంద రూపాయలు ఇరుక్కున్నా కష్టమే. ఇరవై, యాభై కూడా వేసుకునే వీలుండాలి.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. అప్పటి నుంచి ఆడవాళ్లు గుర్తింపు కార్డు చూపి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో సున్నా టికెట్‌తో పోతున్నారు. రేపు వాళ్లకు కార్డు ఇచ్చినా మంచిదే. అది ఇంట్లో మరిచిపోయిందని కూలికి పోయే మనిషిని దించేయకూడదు.

కాబట్టి అధికారులను మనం అడగాల్సినవి ఇవి. కార్డు ఉన్నా లేకున్నా ప్రతి బస్సులో నగదు తీసుకోవాలి. రీఛార్జి ఆత్మకూరు, ఉదయగిరి డిపోల్లోనే కాక గ్రామ సచివాలయాల్లో, కండక్టర్ దగ్గర కూడా చేయాలి. కార్డు పోతే అందులో మిగిలిన సొమ్ము కొత్త కార్డులో వేయాలి. ఎవరు ఎక్కడికి పోయారన్న వివరాలు వ్యాపారులకు అమ్మకూడదు.

ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కుతున్నారో కార్డుల లెక్క చూపిస్తుంది. ఆ లెక్క చూసి ట్రిప్పులు పెంచాలి తప్ప తక్కువ మంది ఎక్కే ఊరికి బస్సు ఆపేయకూడదు. సాయంత్రం బస్సే లేని ఊళ్లో ఎక్కేవాళ్ల సంఖ్య సున్నా అనే వస్తుంది. ఆ ఊరికి బస్సు అక్కర్లేదని దాని అర్థం కాదు. ఏ ఊరికి ఏ వేళ బస్సు కావాలో గ్రామ కమిటీలు ఇప్పుడే కాగితం మీద రాసి డిపో మేనేజర్‌కు ఇవ్వాలి.