మబ్బు చూసి మేత ఆపుతాం, దోమ సంగతి పట్టదా?

మా మండవల్లి చుట్టుపక్కల ఎవరికి జ్వరమొచ్చినా తప్పు చేపల చెరువులదే. నాకూ చెరువుంది కాబట్టి ఈ మాట పడుతూనే ఉంటాను. గడ్డి పట్టిన అంచుల్లో తప్ప, గాలికి అలలు లేచే నీళ్లలో దోమపిల్ల బతికి బట్టకట్టడం కష్టం. డెంగీ దోమకు అసలు చెరువుతో పనే లేదు. గట్టు మీద పడేసిన నీలం డ్రమ్ము, మేత బస్తాల మీది పట్టా మడత, పాత టైరు, అందులో నాలుగు గ్లాసుల వాన నీళ్లు చాలు. తిట్టదలిస్తే మా గట్లను చూసి తిట్టండి.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి కొల్లేరులోకి దిగినప్పుడు లంక గ్రామాలన్నీ నీళ్లను చూసి హడలిపోయాయి. నిజానికి పారే వరద దోమపిల్లల్ని కొట్టుకుపోతుంది. భయపడాల్సింది నీళ్లు తీశాక. గుంటల్లో, గుర్రపుడెక్క పట్టి కదలని డ్రెయిన్లలో పెరిగే క్యూలెక్స్ దోమే బోదకాలు తెచ్చేది. వరిచేలల్లో పుట్టే దాని చుట్టం కొంగల నుంచి, పందుల నుంచి మెదడువాపు వైరస్‌ను మనిషికి మోస్తుంది. ఆ రెంటికీ మన దగ్గర కొదవా!

ఇక వేడి. డెంగీ రోగిని కుట్టిన దోమ వెంటనే జబ్బు అంటించలేదు. వైరస్ దాని కడుపులోంచి లాలాజలం దాకా చేరాలి. 25 డిగ్రీల దగ్గర అందుకు సుమారు రెండు వారాలు, 30 దగ్గర వారమే. దోమ బతికేదే రెండు మూడు వారాలు కదా, ఆ వారం తేడాతోనే కొంప మునుగుతుంది. రోహిణి ఎండకు దోమ కూడా తాళలేదు. వాన, ఉక్క, మళ్లీ వానగా నడిచే ఆగస్టు, సెప్టెంబరు దాని పంటకాలం. గుడ్లయితే ఎండిన డ్రమ్ము గోడకు అంటుకుని నెలల తరబడి ఆగి, నీళ్లు తగలగానే పిల్లలవుతాయి.

మబ్బు పట్టిందంటే మేం మేత ఆపేస్తాం. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని ఏరియేటర్లు తిప్పుతాం. చేప కోసం ఆకాశం చూసేవాళ్లం జ్వరాన్ని మాత్రం వచ్చాక చూసుకుందాం అంటాం. ఊళ్లలో పొగ మిషనూ జ్వరాలు పేపర్లో పడ్డాకే బయటికొస్తుంది. ఆ పొగ డ్రమ్ములోని పిల్లలను ఏమీ చేయదు, ఫొటోకి మాత్రం బాగుంటుంది. పంచాయతీలు జ్వరాల లెక్క కోసం ఆగకుండా వాతావరణ శాఖ వాన కబురు చూసి మనుషులను పంపాలి. గుడ్డు దోమై ఎగరడానికి వేడిలో వారం, పది రోజులే. రైతులారా, వాన వెలిశాక అయిదు రోజుల్లోపు గట్టు మీది డ్రమ్ములు బోర్లించండి, పట్టాలు దులపండి.