ముందు బ్రేకు ముట్టని ఇరవై ఏళ్లు

పోయిన యాసంగిలో బండి మీద నుంచి పడ్డాను. పొద్దున్నే స్కూలుకు పోతున్నా, జనగామ నుంచి సూర్యాపేట వైపు. సగం రోడ్డు మీద వడ్లు, చుట్టూ హద్దుగా రాళ్లు. మోచేయి చెక్కుకుపోయింది, భుజం దగ్గర ఎముక విరిగింది. పట్టీ పెట్టుకోని హెల్మెట్ నాకంటే ముందే పొలంలోకి దొర్లింది. చూడవచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "టైం బాగలేదు సార్, తలకు తాకలేదు, అదే పదివేలు." అమ్మ దిష్టి తీసింది. బండికి కొత్తగా నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. నేనేమో వచ్చినవాళ్లందరి ముందూ వడ్లు పోసిన రైతును తిట్టాను.

అసలు సంగతి మెకానిక్ బయటపెట్టాడు. రెండు చక్రాలూ విప్పి, బ్రేకు షూలు నాలుగింటినీ పాత పేపరు మీద పరిచాడు. వెనకవి అరిగి ఇనుము తేలాయి. ముందువి కొత్తవాటిలాగే మందంగా ఉన్నాయి, వేలితో రాస్తే ఇంకా గరుకుగా తగిలాయి.

"ముందు బ్రేకు పట్టరా సార్ మీరు?"

"పడ్తే పల్టీ కొడ్తది కదా."

"ఎవరు చెప్పిండ్రు?"

మా బావ చెప్పాడు, రాజ్‌దూత్ మీద బండి నేర్పుతూ. ఆయనకు ఎవరు చెప్పారో.

బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది, వెనకది తేలికపడుతుంది. అందుకే బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. హఠాత్తుగా గుంజితేనో, ఇసుక మీదో వడ్ల మీదో పడితేనో బావ భయం నిజమే. కానీ నాకు వడ్లు దూరం నుంచే కనిపించాయి. అరవై స్పీడులో ఉన్నాను, అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఒట్టి తారు మీద ఉండగానే రెండు బ్రేకులూ కలిపి వేగం చంపుకోవాల్సింది. కాలి బ్రేకు ఒక్కటే తొక్కుకుంటూ వడ్లలోకి పోయాను. వెనక చక్రం బిగుసుకుని పక్కకు ఈడ్చింది.

రైతు తప్పేమీ లేదనను. కానీ తేమ 17 శాతం దాటితే వడ్లు కొనరు, కల్లం లేనివాడికి తారు రోడ్డే కల్లం. ఆ పంచాయితీ వేరే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోతున్నవాళ్లే. కారణాల పట్టికలో నూటికి 71 మరణాలకు రాసిన మాట 'అతివేగం'. నేను పోయి ఉంటే నా పేరు పక్కనా అదే రాసేవాళ్లు. అరిగిన షూల గురించి, బావ పాఠం గురించి, వేలాడిన పట్టీ గురించి ఎవరు రాస్తారు? హెల్మెట్‌ను పట్టీతో బిగించుకోవాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. మనకు మాత్రం చలాను కెమెరాకు కనపడితే చాలు.

లైసెన్సు పరీక్షలో అత్యవసరంగా బండి ఆపి చూపడం కూడా నిబంధనల్లో ఉంది. నాతో వేయించింది ఎనిమిది అంకె ఒక్కటే. ఎనిమిది వేసుకుంటూ స్కూలుకు పోయే రోజు నాకింతవరకూ రాలేదు. ఆపడం రానివాడికి లైసెన్సు ఇవ్వకూడదన్నది నా మాట. అలాగే ఎవరైనా పడితే పరామర్శకు పోయినవాళ్లు బత్తాయిలతో పాటు ఒక ప్రశ్న కూడా తీసుకుపోవాలి: ఎక్కడ చూశావు, ఎక్కడ బ్రేకు పట్టావు? ఆ ప్రశ్న నన్ను ఒక్క మెకానికే అడిగాడు, అదీ బిల్లు రాసేముందు.

కట్టు విప్పాక స్కూలు ముందు సీసీ రోడ్డు మీద సుద్దతో గీత గీసి, ముప్పైలో వచ్చి ఆపడం మొదలుపెట్టాను. మొదటి రోజు గీత దాటి ఎంత దూరం పోయానో తొమ్మిదో తరగతి పిల్లలు లాంగ్‌జంప్ టేపుతో కొలిచారు. ఆ అంకె ఇక్కడ రాయను. పోయిన ఆదివారం బావనూ రమ్మన్నాను. పంచె ఎగ్గట్టుకుని వచ్చాడు, నాలుగుసార్లు గీత దాటాడు, ముందు బ్రేకు మీద మాత్రం వేలు పెట్టలేదు.