సీటు రాకపోవడం ఫెయిలవడం కాదు

పోయిన వేసవిలో గద్వాల వైపు ఒక ఊరికి సంఘం సమావేశానికి వెళ్లాను. ఆ రోజు మాట్లాడుకోవాల్సింది ఉపాధి హామీ కూలి బకాయిల గురించి. సమావేశం మధ్యలో ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి ఫోను చేతిలో పెట్టింది. "అక్కా, మా పాప ఫేలయిందంట. నువ్వన్నా సరిగ్గా చూసి చెప్పు" అంది.

ఆమె కూతురు ఐదో తరగతి. నవోదయ ప్రవేశ పరీక్ష రాసింది. ఫోనులో ఉన్నది రెండే ఇంగ్లీషు మాటలు: ఎంపిక కాలేదని. ఫెయిలు అన్న మాట అందులో ఎక్కడా లేదు. కానీ ఇంట్లో నిర్ణయం అప్పటికే జరిగిపోయింది. ఊళ్లో బడి ఐదుతో అయిపోతుంది. ఆరో తరగతికి నాలుగు కిలోమీటర్లు పోవాలి. "ఫేలయిన పిల్లకు అంత దూరం చదువెందుకు, వానాకాలం సీడు పత్తిలో క్రాసింగుకు పోతే నాలుగు రూపాయలన్నా వస్తాయి" అన్నాడట తండ్రి.

ఆ మాట విన్నప్పుడు నాకు కోపం తండ్రి మీద కంటే నా మీదే ఎక్కువ వచ్చింది. అంతకుముందు ఏడాది అదే ఊళ్లో కూర్చుని, ఆడపిల్లల చేత నవోదయ పరీక్ష రాయించండని చెప్పింది నేనే. దరఖాస్తులు నింపించింది మేమే. సీటు రాకపోతే దాని అర్థమేమిటో ఒక్క మాటైనా చెప్పలేదు. పరీక్ష దాకా పిల్లల్ని నడిపించాం. ఫలితం దగ్గర తల్లుల్ని ఒంటరిగా వదిలేశాం.

ప్రాథమిక విద్య ముగిసే వేళ మన పిల్లలు రకరకాల పరీక్షలు రాస్తున్నారు. అన్నిటికీ ఇళ్లలో ఉన్నది ఒకటే పేరు: పరీక్ష. అన్నిటికీ ఒకటే తీర్పు: పాసా, ఫెయిలా. ఇవి మూడు వేర్వేరు రకాలని ముందు మనం తెలుసుకుని, ఆ తర్వాత తల్లులకు చెప్పాలి.

మొదటిది సీటు కోసం పెట్టే పరీక్ష. నవోదయ పరీక్ష ఇలాంటిదే. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. తెలుగులోనూ రాయవచ్చు. అందులో 40 ప్రశ్నలు, అంటే సగం మార్కులు, బొమ్మల పోలికలు, వరుసల వంటి మేధాశక్తి ప్రశ్నలకే పోతాయి. మిగిలిన సగం లెక్కలకు, భాషకు. బడిలో పాఠాలు చక్కగా చదివే పిల్ల కూడా, ఆ బొమ్మల ప్రశ్నలు ఎన్నడూ చూసి ఉండకపోతే వెనకబడుతుంది. కోచింగుకు డబ్బు పెట్టగలిగిన ఇంటి పిల్లవాడు ముందుకు పోతాడు. ఒకే ఇంట్లో కొడుకూ కూతురూ ఉంటే ఆ డబ్బు ఎవరి మీద పెడతారో మనకు తెలియనిది కాదు. ఒక్కో నవోదయలో ఆరో తరగతికి ఉండేవి 80 సీట్లకు మించవు. వాటిలో కనీసం మూడో వంతు ఆడపిల్లలకు, 75 శాతం గ్రామీణ పిల్లలకు కేటాయిస్తారు. సీట్లు నిండిన తర్వాత ఎంత బాగా రాసిన పిల్లయినా బయటే ఉంటుంది. ఆ పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయగలరు. కానీ అది పిల్ల చదువు మీద తీర్పు కాదు.

రెండోది బడి పెట్టే పరీక్ష. దీని గురించి చట్టం మాట తల్లులకు తెలియాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా ఏ పిల్లనూ అదే తరగతిలో ఆపరాదని, బడి నుంచి తీసివేయరాదని చెప్పింది. 2019లో దాన్ని సవరించారు. ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టి, తప్పినవారికి అదనంగా బోధించి, రెండు నెలల్లోగా మళ్లీ పరీక్ష పెట్టాలి. అప్పుడూ తప్పితే అదే తరగతిలో ఉంచాలా వద్దా అన్నది ప్రభుత్వాల నిర్ణయానికి వదిలారు. 2024 డిసెంబరులో కేంద్రం నియమాలు కూడా తెచ్చి, తన పాఠశాలల్లో పిల్లల్ని ఆపే విధానం పెట్టింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ దారి పట్టలేదు. రేపు పట్టినా రెండు సంగతులు మరవకూడదు. ఎనిమిది పూర్తయ్యే దాకా ఏ పిల్లనూ బడి నుంచి పంపేయడానికి వీల్లేదన్న మాట చట్టంలో చెక్కుచెదరలేదు. ఆగిపోయిన పిల్ల ఎక్కడ వెనకబడిందో కనిపెట్టి ఆమెకే కాదు, అవసరమైతే తల్లిదండ్రులకు కూడా దారి చూపాల్సిన బాధ్యత తరగతి టీచరుదని ఆ నియమాల్లోనే ఉంది.

మూడోది సర్వే పరీక్ష. 2021 నవంబరులో మూడు, ఐదు, ఎనిమిది, పది తరగతులకు, 2024 డిసెంబరులో మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు దేశమంతటా ఇలాంటివి జరిగాయి. కొన్ని బడులను ఎంచుకుని పెట్టే ఈ పరీక్షలో ఏ పిల్లకూ విడిగా మార్కుల కార్డు రాదు. అక్కడ పరీక్షకు నిలబడేది పిల్ల కాదు, చదువు చెప్పే వ్యవస్థ.

ఈ సంగతులు ఆ ఊళ్లో మరుసటి వారం కూర్చుని చెప్పాం. బడి టీచరునూ పిలిచాం. సీట్ల లెక్క చెబుతుంటే సంఘంలోని ఒక పెద్దమ్మ అందుకుంది: "షేరాటోలో పదిమందే పట్టిరి. పదకొండో మనిషి దిగి నిలబడితే ఆమెకు నడక రాదంటామా?" మేం అరగంట చెప్పింది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది. జూన్‌లో ఆ పాప హైస్కూల్లో చేరింది. అదే ఊళ్లో సీటు రాని మరో పిల్ల ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది. మేం ఆ ఇంటికి వెళ్లేసరికి ఆమె పత్తి చేలోనే ఉంది. ఇంకా ఆ ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉన్నాం.

అందుకే కార్యకర్తలకు నా విన్నపం. పిల్లల చేత ఏ పరీక్ష రాయించినా, రాయకముందే తల్లులతో ఒకసారి కూర్చోండి. ఇది దేనికి, సీట్లెన్ని, రాకపోతే ఏ బడికి పోవాలి అన్నవి ముందే మాట్లాడుకోండి. ఫలితం వచ్చిన రోజున ఆ ఇంటికి వెళ్లండి. మార్కులెన్ని అని ఆగిపోకుండా టీచరును ఈ ప్రశ్నలు అడగడం తల్లులకు అలవాటు చేయండి: నా బిడ్డ కొత్త పాఠం తనంతట తాను చదివి అర్థం చెప్పగలదా? తీసివేతలు, భాగహారాలు వచ్చా? ఎక్కడ ఆగిపోతోంది? దానికి మీరేం చేస్తారు, మమ్మల్ని ఏం చేయమంటారు? చదువు రాని తల్లి కూడా ఈ ప్రశ్నలు అడగగలదు. జవాబు చెప్పాల్సింది బడి.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. చాలా చోట్ల ఆ స్త్రీలకు దక్కుతున్నది సంతకం పెట్టే పని మాత్రమే. సమావేశాలు కూలి పోని వేళ పెట్టమని, పరీక్షల గురించి తెలుగులో నోటితో వివరించమని వాళ్లే అడగాలి. వెంట మనం ఉండాలి.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు తమ బతుకు గురించిన పాఠం చదివి సారా దుకాణాల మీదికి నడిచారు. కాగితం మీద ఏముందో తెలిస్తే ఆడవాళ్లు ఏం చేయగలరో మనకు మరొకరు చెప్పనక్కర్లేదు. ఫోనులోని రెండు ఇంగ్లీషు మాటలు పదేళ్ల పిల్ల బతుకును తేల్చేస్తుంటే, వాటిని చదివి చెప్పడం కూడా హక్కుల పనే.