నూనె కారితే... గంట కొడుతుంది!

గోదావరిఖని చుట్టుపక్కల సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో భారీ డంపర్లు తిరుగుతుంటాయి. ఇలాంటి బండ్లను కడిగిన నీళ్లలో డీజిలూ, గ్రీజూ కలుస్తాయి. తొట్టెలో నిలబెడితే నూనె పైకి తేలుతుంది, తీసేయొచ్చు. బొగ్గుగనులు బయటికి వదిలే లీటరు నీటిలో నూనె, గ్రీజు 10 మిల్లీగ్రాములు దాటకూడదని కేంద్రం 2000లో నిబంధన పెట్టింది. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులో రెండు చెంచాలంతే!

మరి అర్ధరాత్రి జోరువానకి తొట్టె పొంగితే చూసేదెవరు? రేవుల్లో, నౌకల మరమ్మతు యార్డుల్లో ఆ కాపలా సెన్సర్లది. అవి నీటిపైకి అతినీలలోహిత కాంతిని పంపుతాయి. నూనె ఉంటే ఆ కాంతిని పీల్చుకుని నీలంగా మెరుస్తుంది. వెంటనే అలారం మోగుతుంది. సెన్సర్ నూనెను తీయలేదు, కబురు చెబుతుందంతే. ఆ కబురు వాగు దాటి గోదారిలో కలవకముందే అందితే, నది బతుకుతుంది.